సీఎన్‌జీ మీటరు: తప్పు ముల్లుదా, మన లెక్కదా?

సీఎన్‌జీ బండి నడిపేవాళ్ల నోట తరచూ వినిపించే ఫిర్యాదులు మూడు. "రాత్రి ఫుల్ కొట్టించాను, పొద్దున్నే చూస్తే ఒక లైటు తగ్గింది." "సగం దాకా బాగానే వచ్చింది, అక్కణ్నుంచి ముల్లు పరుగే పరుగు." "వారం నుంచి తిరుగుతున్నా ముల్లు ఉన్నచోటే ఉంది." మూడింటికీ షెడ్డులో చాలాసార్లు దొరికే జవాబు ఒక్కటే: సెన్సర్ పోయింది, మార్చేద్దాం. మార్చాక నాలుగు రోజులు గడిచేసరికి మళ్లీ అదే కథ.

ఎందుకంటే మొదటి రెండూ చాలా సందర్భాల్లో అసలు లోపాలే కావు. మూడోది లోపమే అయినా మీటరులో ఉండకపోవచ్చు. సీఎన్‌జీ మీటరు తప్పు చూపిస్తోందని తేల్చాలంటే ముందు అది ఏం చూపించడానికి ఉందో తెలియాలి. ఆ తర్వాతే వైర్లు, సెన్సర్లు.

మీటరు చూసేది గ్యాస్‌ను కాదు

పెట్రోలు ట్యాంకులో ఒక ఫ్లోటు తేలుతూ ఉంటుంది. పెట్రోలు మట్టం దిగితే ఫ్లోటు దిగుతుంది, దానితోపాటే ముల్లూ దిగుతుంది. ఎల్‌పీజీ ఆటోల్లోనూ ఇంచుమించు ఇదే ఏర్పాటు, ఎందుకంటే ఎల్‌పీజీ ట్యాంకులో ద్రవంగా ఉంటుంది. సీఎన్‌జీ అలా కాదు. వాతావరణ ఒత్తిడికి దాదాపు 200 రెట్లు నొక్కి పెట్టినా అది వాయువుగానే ఉంటుంది. సిలిండర్‌లో ఎంత మిగిలినా మూలమూలకూ పరుచుకుంటుంది; తక్కువైతే పలచబడుతుంది, అంతే. మట్టమే లేనిచోట ఫ్లోటుకు పనేముంది?

అందుకని సీఎన్‌జీ బండిలో సిలిండర్ ఒత్తిడిని కొలిచి, దాన్నిబట్టి గ్యాస్ ఎంత ఉందో అంచనా వేస్తారు. మన దేశంలో బంకుల్లో నింపే ఒత్తిడి 200 బార్. ముల్లు అక్కడుంటే ఫుల్, 100 దగ్గరుంటే సగం, 50 దగ్గరుంటే పావు. ఇదీ మీటరు వేసే లెక్క.

ఒత్తిడిని కొలిచే సాధనాలు రెండు రకాలు. మొదటిది గడియారంలా గుండ్రంగా, గ్యాస్ ఒత్తిడిని ఇంజనుకు తగినంతకు దించే రెడ్యూసర్ దగ్గరో సిలిండర్ వాల్వు దగ్గరో కనిపించే ప్రెషర్ గేజి. దాని లోపల వంకీ తిరిగిన సన్నని బోలు గొట్టం ఉంటుంది. ఒత్తిడి పెరిగితే ఆ వంకీ విచ్చుకోబోతుంది, ఆ కదలికకు కట్టిన ముల్లు తిరుగుతుంది. 1849లో ఫ్రెంచి ఇంజనీరు యూజెన్ బూర్డాన్ పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. కరెంటుతో పని లేదు, వైరుతో పని లేదు. రెండోది ఎలక్ట్రానిక్ సెన్సర్. ఒత్తిడిని వోల్టులుగా మార్చి కంప్యూటరుకు పంపుతుంది. కంప్యూటరు డాష్‌బోర్డు మీద గీతలుగానో, బయట బిగించిన కిట్ అయితే పెట్రోలు, గ్యాస్ మార్చే స్విచ్ మీద నాలుగు పచ్చ లైట్లు, ఒక ఎర్ర లైటుగానో చూపిస్తుంది.

ఇంతవరకు పేచీ లేదు. పేచీ అంతా ఒత్తిడికీ, గ్యాస్ బరువుకూ మధ్య ఉంది. ఆ రెండూ ఎప్పుడూ కలిసి నడవవు.

రాత్రికి రాత్రి తగ్గిన లైటు

సైకిల్ ట్యూబుకు గాలి కొట్టినవాళ్లకు పంపు అడుగుభాగం వేడెక్కడం తెలుసు. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. బంకులో జరిగేదీ అదే, కాకపోతే పెద్ద ఎత్తున. రెండు మూడు నిమిషాల్లో కిలోల కొద్దీ గ్యాస్ లోపలికి దూసుకుపోయేసరికి సిలిండర్‌లోని గ్యాస్ 20 నుంచి 40 డిగ్రీల దాకా వేడెక్కగలదు. వేడెక్కిన గ్యాస్ ఎక్కువ ఒత్తిడి చూపిస్తుంది. 200 బార్ వచ్చింది కదా అని మెషిన్ ఆగిపోతుంది.

ఆ తర్వాత గ్యాస్ చల్లారుతుంది. నింపినప్పుడు లోపల 57 డిగ్రీలు ఉండి, తెల్లవారేసరికి 27 డిగ్రీలకు వచ్చిందనుకుందాం. బడిలో చదువుకున్న వాయు నియమం ప్రకారమే 200 బార్ సుమారు 182కి దిగుతుంది. 200 బార్ల దగ్గర సహజవాయువు ఆ పుస్తకం లెక్క కంటే ఇంకాస్త ఎక్కువే దిగుతుంది. సిలిండర్‌లోంచి ఒక్క గ్రాము కూడా బయటికి పోలేదు, బండి ఒక్క అడుగు కదల్లేదు. అయినా ఒక లైటు ఆరిపోవచ్చు. ఇక్కడ మీటరు తప్పేమీ లేదు. దాన్ని అడిగింది ఒత్తిడి, అది చెప్పింది ఒత్తిడి.

ఇదే కారణంగా వేసవి మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండిలో ముల్లు కాస్త పైకి జరుగుతుంది, తెల్లవారుజామున కాస్త కిందికి. కాబట్టి మీటరు రీడింగులు పోల్చాలనుకుంటే ఉదయం రీడింగును ఉదయంతోనే పోల్చాలి. బంకు నుంచి బయటికి రాగానే చూసిన ముల్లును లెక్కలోకి తీసుకోకూడదు. కనీసం గంటైనా ఆగాలి.

సగం తర్వాత పరుగెందుకు?

రెండో ఫిర్యాదుకు రెండు కారణాలున్నాయి. వాయువును బాగా నొక్కినప్పుడు దాని అణువులు ఒకదాన్నొకటి కొంత దగ్గరికి లాక్కుంటాయి. అందువల్ల 200 బార్ దగ్గర సిలిండర్‌లో మామూలు లెక్కకు మించిన గ్యాస్ పడుతుంది. ఒత్తిడి సగానికి దిగేసరికి మిగిలిన గ్యాస్ సగం కంటే ఒక పిసరు తక్కువే ఉంటుంది. రెండో కారణం ఇంతకంటే పెద్దది: సిలిండర్‌లో గ్యాస్ మొత్తం మనం వాడుకోలేం. ఒత్తిడి బాగా పడిపోయాక ఇంజనుకు కావలసినంత గ్యాస్ రెడ్యూసర్ అందించలేదు. అప్పుడు కారు తనంతట తనే పెట్రోలుకు మారిపోతుంది.

చాలా కార్లలో ఉండే 60 లీటర్ల సిలిండర్‌ను తీసుకుందాం. 60 లీటర్లంటే అందులో పట్టే నీళ్ల లెక్క. 200 బార్ ఒత్తిడిలో, మామూలు వేడిలో అందులో సుమారు 9 కిలోల గ్యాస్ ఉంటుంది. 100 బార్ దగ్గర ఉండేది సుమారు 4.4 కిలోలు. ఒక కారు 20 బార్ దగ్గర పెట్రోలుకు మారుతుందనుకుంటే అప్పటికి సిలిండర్‌లో ఇంకా 0.8 కిలో మిగిలే ఉంటుంది. అంటే ముల్లు పైసగంలో మనం వాడుకునేది 4.6 కిలోలు, కిందిసగంలో 3.6 కిలోలు. కిలోకు 25 కిలోమీటర్లు ఇచ్చే కారు పైసగంలో 115 కిలోమీటర్లు నడిస్తే కిందిసగంలో 90 దగ్గరే ఆగుతుంది. మీటరు, సెన్సర్, వైరింగ్ అన్నీ నిక్షేపంగా ఉన్న బండిలోనే ఇంత తేడా.

నాలుగు లైట్ల కిట్లలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. ఒక్కో లైటు పావు సిలిండర్‌కు గుర్తు, అంటే దాదాపు రెండు కిలోలు. లైటు వెలుగుతోందంటే ఆ పావులో ఎంతో కొంత ఉందనే అర్థం. రెండు కిలోలున్నా వెలుగుతుంది, వంద గ్రాములున్నా వెలుగుతుంది. "ఐదు కిలోమీటర్లకే లైటు పోయింది" అన్నచోట ఆ పావు అప్పటికే ఆఖరి దశలో ఉందేమో చూడాలి.

నమ్మదగిన సాక్షి బిల్లు

మీటరును పరీక్షించాలంటే మీటరు కంటే నమ్మకమైన కొలత కావాలి. అది మన చేతిలోనే ఉంది. సీఎన్‌జీని కిలోల్లో అమ్ముతారు. గ్యాస్ ఎంత బరువు వెళ్లిందో బంకు మెషిన్ నేరుగా కొలుస్తుంది. ఆ మెషిన్‌ను తూనికలు, కొలతల శాఖ తనిఖీ చేసి ముద్ర వేస్తుంది. ఎండ, చలి, నింపిన వేగం వీటివల్ల ఒత్తిడి మారుతుంది గానీ బిల్లు మీది కిలోలు మారవు.

కాబట్టి అనుమానం వచ్చిన రోజే షెడ్డుకు పోకుండా ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. గ్యాస్ కొట్టించిన ప్రతిసారీ ఐదు సంగతులు రాయండి: నింపకముందు మీటరు ఎక్కడుంది, మెషిన్ ఏ ఒత్తిడి దగ్గర ఆగింది, ఎన్ని కిలోలు ఎక్కింది, ఓడోమీటరు అంకె ఎంత, గంట తర్వాత మీటరు ఎక్కడుంది. వీలైనంతవరకు ఒకే బంకులో, రోజులో ఒకే వేళకు కొట్టించండి. నాలుగైదు సార్లు ఇలా రాసేసరికి పుస్తకమే చాలా ప్రశ్నలకు జవాబిస్తుంది.

ఒకసారి నింపినప్పటి నుంచి మళ్లీ నింపేదాకా నడిచిన కిలోమీటర్లను, రెండోసారి ఎక్కిన కిలోలతో భాగించండి. కిలోకు ఎన్ని కిలోమీటర్లొచ్చాయో తేలుతుంది. ఆ అంకె ప్రతిసారీ ఇంచుమించు ఒకేలా, బండికి ఎప్పుడూ వచ్చేలా ఉంటే గ్యాస్ సక్రమంగానే ఖర్చవుతోంది. అనుమానం మీటరు మీదికే పోవాలి. మీటరు త్వరగా పడిపోవడమే కాక ఈ అంకె కూడా పడిపోతే మీటరు నిజమే చెబుతోంది. గ్యాస్ ఎక్కడో ఎక్కువ ఖర్చవుతోంది, లేదా లీకవుతోంది. అప్పుడు చూడాల్సింది ఇంజనును, ట్యూనింగును, పైపు జాయింట్లను. సెన్సర్ మారిస్తే ఒరిగేదేమీ లేదు.

బంకులోనే తక్కువ ఎక్కితే

పైపులైను నేరుగా వచ్చే బంకులో కంప్రెసర్ అక్కడే ఉంటుంది, ఒత్తిడికి కొరత ఉండదు. పైపులైను ఇంకా రాని ఊళ్లలోనూ, హైవేల పక్కనా ఉండే చాలా బంకులకు పెద్ద స్టేషన్ నుంచి లారీల మీద గ్యాస్ వస్తుంది. లారీ మీద సిలిండర్లు వరసగా పేర్చి ఉంటాయి. కొత్త లారీ వచ్చినప్పుడు ఒత్తిడి దండిగా ఉంటుంది. బండ్లు వరసగా నింపుకుపోతుంటే అది తగ్గుతూ వస్తుంది. ఆ వేళకు వెళితే మెషిన్ 150, 160 దగ్గరే నిలిచిపోవచ్చు. అప్పుడు మీటరు ముప్పావు చూపిస్తే అది లోపం కాదు, ఉన్నమాట.

అందుకే పుస్తకంలో ఆగిన ఒత్తిడి రాయమన్నది. మెషిన్ మీద 200 ఉండి, గంట తర్వాత మీ గేజి 180 చూపిస్తే సబబే. మెషిన్ మీద 200 ఉండి మీ మీటరు సగం చూపిస్తే లోపం బండిలో ఉంది. మెషిన్ మీదే 150 ఉంటే బండిని అనకండి.

60 లీటర్ల సిలిండర్‌లో 9 కిలోలు పడతాయని చెప్పి, బంకులో ఏడో ఎనిమిదో ఎక్కితే మోసం జరిగిందని అనుకోనక్కర్లేదు. అడుగున మిగిలిన గ్యాస్ కొంత, వేడి వల్ల త్వరగా ఆగిన మెషిన్ కొంత, ఆ తేడాకు కారణం.

మీటరు మంచిదే, జబ్బు వేరే

ఇప్పుడు నిజమైన లోపాల దగ్గరికి వద్దాం. వీటిలోనూ మొదటి మూడు మీటరువి కావు.

మొదటిది మూసి ఉన్న వాల్వు. కొన్ని కార్లలో డిక్కీలో చోటు మిగలడానికి పెద్ద సిలిండర్‌కు బదులు రెండు చిన్నవి పెడుతున్నారు. టాటా ఆల్ట్రోజ్ సీఎన్‌జీలో 30 లీటర్లవి రెండున్నాయి. బస్సుల్లో ఇంకా ఎక్కువే ఉంటాయి. ప్రతి సిలిండర్‌కూ చేత్తో తిప్పే వాల్వు ఒకటి ఉంటుంది. సర్వీసు చేసినప్పుడు ఒకటి మూసేసి తెరవడం మరిచిపోతే ఏమవుతుంది? నింపినప్పుడు ఒత్తిడి 200కే వస్తుంది, మీటరు ఫుల్ చూపిస్తుంది, కానీ ఎక్కింది సగం గ్యాసే. తర్వాత ముల్లు రెట్టింపు వేగంతో పడిపోతుంది. మీటరును ఎంత పరీక్షించినా ఇది దొరకదు. బిల్లు చూస్తే క్షణంలో దొరుకుతుంది: ఫుల్ అయింది కానీ కిలోలు సగమే, కిలోమీటర్లు సగమే, మైలేజి మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఆ వాల్వును తెరిచే పని సర్వీసు సెంటరుకు వదిలేయండి.

రెండోది చడీచప్పుడు లేకుండా పెట్రోలు మీద నడుస్తున్న బండి. "వారం నుంచి ముల్లు కదల్లేదు" అన్న ఫిర్యాదు వెనక ఇది తరచూ ఉంటుంది. చాలా కార్లు పెట్రోలు మీద స్టార్టయి, ఇంజను వేడెక్కాక సీఎన్‌జీకి మారతాయి. రోజూ నడిచేది ఒకటి రెండు కిలోమీటర్లే అయితే మారే సమయమే రాదు. గ్యాస్ దారిని కరెంటుతో తెరిచే సోలనాయిడ్ వాల్వు తెరుచుకోకపోయినా, ఫిల్టరు పూడుకుపోయినా కారు పెట్రోలుకే అంటిపెట్టుకుంటుంది. సీఎన్‌జీ ముల్లు కదలడం లేదంటే పక్కనున్న పెట్రోలు ముల్లును చూడండి. అది దిగుతుంటే సీఎన్‌జీ మీటరు నిర్దోషి.

మూడోది దారిలో అడ్డంకి. సెన్సర్ సిలిండర్ దగ్గర కాక రెడ్యూసర్ దగ్గర ఉన్న బండ్లలో, మధ్యలో ఫిల్టరు పూడుకున్నా, వాల్వు సగమే తెరుచుకున్నా నడిపేటప్పుడు ముల్లు పడిపోతుంది, బండి ఆపి కాసేపుంటే మళ్లీ లేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, గట్టిగా తొక్కినప్పుడు మరీ పడిపోతుంటే అనుమానం బలపడుతుంది. సిలిండర్‌లో గ్యాస్ ఉంది, ఇంజను దాకా చేరడం లేదు. దీనికి మందు ఫిల్టరు మార్చడం. బంకు కంప్రెసర్ల నుంచి గ్యాస్‌తోపాటు కొట్టుకొచ్చే నూనె తుంపరలు ఏళ్ల తరబడి పేరుకుని ఇలా అడ్డుపడతాయి. సెన్సర్ రంధ్రంలోనే నూనె గడ్డకడితే ముల్లు మందంగా, ఆలస్యంగా కదులుతుంది.

సెన్సర్ నుంచి డాష్‌బోర్డు దాకా

ఇవన్నీ దాటాక కూడా లెక్క కుదరకపోతే అప్పుడు మీటరు వ్యవస్థను పట్టుకోవాలి. అది నాలుగు మెట్లు: గ్యాస్ ఒత్తిడి, సెన్సర్, వైరింగ్, తెర. ఏ రెండు మెట్ల మధ్య మాట మారిందో కనిపెట్టడమే పరీక్ష.

మొదటి పని పోలిక. రెడ్యూసర్ దగ్గర వైరు లేని ప్రెషర్ గేజి ఉంటే దాన్ని, డాష్‌బోర్డును పక్కపక్కన చూడండి. గేజి 200, లైట్లు రెండు అంటే తేడా సెన్సర్ నుంచి ఇవతల ఉంది. రెండూ ఒకేలా తప్పు చెబుతుంటే తేడా ఇంకా ముందే ఉంది. ఇక్కడ ఒక జాగ్రత్త: బయట బిగించిన చాలా కిట్లలో సెన్సర్ ఆ గేజి ముఖానికే తగిలించి ఉండి, దాని ముల్లు కదలికనే చదువుతుంది. గేజి ముల్లు ఇరుక్కుపోతే లైట్లూ ఇరుక్కుపోతాయి. గేజి నిలిచిపోయిందా లేదా అన్నది బంకులో తెలుస్తుంది: గ్యాస్ ఎక్కుతున్నా అది కదలకపోతే అదే దొంగ.

రెండో పని వోల్టుల కొలత. కంపెనీ అమర్చిన బండ్లలో ఎక్కువగా మూడు వైర్ల సెన్సర్ ఉంటుంది. ఒక వైరులో 5 వోల్టుల సరఫరా, ఒకటి ఎర్త్, మూడోది కబురు మోసేది. కబురు సాధారణంగా 0.5 వోల్టుల నుంచి 4.5 వోల్టుల మధ్య ఉంటుంది. ఒక సెన్సర్ 0 నుంచి 300 బార్ దాకా కొలిచేదైతే సున్నా దగ్గర 0.5, 150 బార్ దగ్గర 2.5, 200 దగ్గర సుమారు 3.2 వోల్టులు రావాలి. మీ బండి సెన్సర్ పరిధి ఎంతో సర్వీసు మాన్యువల్ చెబుతుంది. అంతే వోల్టేజి వస్తూ తెర మీద తప్పు కనిపిస్తే సెన్సర్ మంచిదే. వైరో, కంప్యూటరో, తెరో చూడాలి. సెన్సర్ దగ్గరే వోల్టేజి తప్పితే, 5 వోల్టులూ ఎర్తూ సరిగా అందుతున్నాయని చూసుకున్నాకే సెన్సర్‌ను తప్పుబట్టాలి.

ఈ క్రమం ఎందుకంటే తప్పు తీరును బట్టే చోటు తెలుస్తుంది. సరఫరా వైరు తెగితే కబురు సున్నాకు పడిపోయి మీటరు ఎప్పుడూ ఖాళీ చూపిస్తుంది. ఎర్త్ తెగితే సాధారణంగా కబురు పైకి ఎగబాకి ఎప్పుడూ ఫుల్ చూపిస్తుంది, లేదంటే కంప్యూటరు అనుమానించి హెచ్చరిక లైటు వెలిగిస్తుంది. ఎర్త్ పూర్తిగా తెగక తుప్పు పట్టి బలహీనపడితే ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది. గుంతల్లో, స్పీడ్ బ్రేకర్ల దగ్గర ముల్లు ఎగిరెగిరి పడుతుంటే వైర్లను కలిపే కప్లర్ వదులైందని అర్థం. వాటర్ సర్వీసు చేయించిన మర్నాడో, గట్టి వాన పడిన మర్నాడో మొదలైతే కప్లర్‌లో నీరు చేరి పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. కొన్నాళ్లు కదలకుండా నిలబెట్టిన కారులో మొదలైతే బానెట్ కింద ఎలుకలు కొరికిన వైర్ల కోసం వెతకాలి. మన ఊళ్లలో ఈ కారణం ఏమంత అరుదు కాదు. ఇవేవీ కొత్త సెన్సర్‌తో బాగుపడవు. కప్లర్ విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగిస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

కంపెనీ బండి అయితే స్కానర్ పెట్టించి, తప్పుల కోడ్‌తో ఆగకుండా సిలిండర్ ఒత్తిడి అంకెను కూడా తెర మీద చూపించమని అడగండి. కంప్యూటరుకు చేరిన ఒత్తిడి సరిగా ఉండి మీటరులో గీతలు తప్పుగా ఉంటే వెతకాల్సిన చోటు డాష్‌బోర్డు ఒక్కటే.

సరిపోని సెట్టింగు

బయట బిగించిన కిట్లలో ఇంకో మామూలు తప్పుంది. ప్రెషర్ గేజి సెన్సర్లలో చాలా రకాలున్నాయి. కొన్నింటిలో ఒత్తిడి పెరిగితే వోల్టేజి పెరుగుతుంది, కొన్నింటిలో తగ్గుతుంది. కిట్ కంప్యూటరుకు ఏ రకం సెన్సర్ తగిలించారో మెకానిక్ లాప్‌టాప్ పెట్టి చెప్పాలి. ఏ వోల్టు దగ్గర ఏ లైటు వెలగాలో అందులోనే నిర్ణయిస్తారు. కిట్ బిగించిన మొదటి రోజు నుంచే, లేదా గేజి మార్చిన రోజు నుంచే తేడా ఉంటే, అది ప్రతిసారీ ఒకే తీరులో ఉంటే, కారణం సెట్టింగే అయి ఉంటుంది. ఫుల్‌లో ఎర్ర లైటు, ఖాళీలో నాలుగు పచ్చ లైట్లు వెలిగితే సెన్సర్ రకం తలకిందులుగా ఎంచారన్నమాటే.

సరిచేయడానికి ఒక్కసారి ఫుల్ కొట్టించి చూస్తే చాలదు. ఫుల్ కొట్టించి, గ్యాస్ చల్లారాక ఉన్న వోల్టేజిని పై హద్దుగా పెట్టుకోవాలి. తర్వాత బండి నడుపుతూ గేజి 150, 100, 50 దగ్గరికి వచ్చినప్పుడు వోల్టేజిలు రాసుకుని వాటిని నమోదు చేయాలి. ఎర్ర లైటును మరీ అడుగున పెట్టకుండా, బండి పెట్రోలుకు మారడానికి ముందు బంకు దాకా వెళ్లేంత గ్యాస్ మిగిలేలా పెట్టించుకోవాలి. మీ దారిలో బంకులు ఎంతెంత దూరాన ఉన్నాయో మీకే తెలుసు కాబట్టి ఆ హద్దు మెకానిక్ ఇష్టానికి వదలకండి.

లీకు అనుమానం ఉంటే

ముల్లు తగ్గడానికి లీకు కూడా కారణం కావచ్చు. దాన్ని చల్లారిన గ్యాస్ నుంచి వేరు చేసే మార్గం సులువే. ఫుల్ కొట్టించిన రాత్రి తగ్గిన ముల్లును పట్టించుకోకండి. మర్నాడు పొద్దున్నే చూసి రాసుకోండి. బండి కదపకుండా ఆ మర్నాడు అదే వేళకు మళ్లీ చూడండి. రెండు ఉదయాలూ ఒకేలాంటి వాతావరణమై ఉండి ముల్లు ఇంకా కిందికి దిగితే అది వేడి వల్ల కాదు. తేడా లేకపోతే గ్యాస్ ఎక్కడికీ పోలేదు.

గ్యాస్ కుళ్లు వాసన వస్తే మాత్రం ఇంత ఓపిక పట్టకూడదు. ఆ వాసన లీకును పట్టించడానికే కలుపుతారు. ఇంజను ఆపండి, లోపల ఏ స్విచ్చీ వేయకండి, తీయకండి, తలుపులు తెరిచి అందరూ దిగండి. సిలిండర్ వాల్వు చేతికి అందితే మూసేయండి. సహజవాయువు గాలికంటే తేలిక కాబట్టి ఆరుబయట పైకి పోతుంది. మూసిన గ్యారేజీలో అయితే పైకప్పు కింద చేరుతుంది. బండి అలాంటి చోట ఉంటే తలుపులన్నీ తెరిచి, తోసి బయటికి తేవాలి గానీ స్టార్టు చేయకూడదు.

వోల్టులు కొలవడం, కప్లర్ తుడవడం ఒక ఎత్తు. ప్రెషర్ గేజిని, సెన్సర్‌ను విప్పడం మరో ఎత్తు. వాటి వెనక 200 బార్ల గ్యాస్ ఉంటుంది. వాల్వు మూసి, పైపులోని గ్యాస్ ఖాళీ చేసి, మళ్లీ బిగించాక సబ్బు నీళ్లతో బుడగలు చూసే పద్ధతి తెలిసిన షెడ్డులోనే ఆ పని జరగాలి. అక్కడికి వెళ్లినప్పుడే సిలిండర్ పరీక్ష తేదీ కూడా చూసుకోండి. మన దేశంలో సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి ఒత్తిడి పరీక్ష తప్పనిసరి; గడువు దాటిన బండికి బంకులో గ్యాస్ నింపకూడదు. పరీక్షకు సిలిండర్ విప్పినప్పుడే గేజి, ఫిల్టరు, వాల్వులు చూపించేస్తే కూలి ఒకసారితోనే పోతుంది.

మెకానిక్‌తో ఏమనాలి

"మీటరు సరిగా చూపించడం లేదు" అంటే అతనికి సెన్సర్ తప్ప మరేదీ తోచదు. దానికి బదులు పుస్తకంలోది చదవండి: మెషిన్ 200 దగ్గర ఆగింది, ఏడున్నర కిలోలు ఎక్కింది, గంట తర్వాత గేజి 180 ఉంది, లైట్లు మాత్రం రెండే ఉన్నాయి, మైలేజి మారలేదు. ఇంత చెప్పాక ఎక్కడ చేయి పెట్టాలో మెకానిక్‌కు చెప్పనక్కర్లేదు. గేజి, లైట్లు విడిపోయిన చోటు నుంచే మొదలుపెడతాడు. వైరు, ఎర్త్, కప్లర్, సెట్టింగు చూశాక కూడా సెన్సరే తప్పని తేలితే అప్పుడు మార్చడం న్యాయం.

అన్నీ సరిచేశాక కూడా సీఎన్‌జీ ముల్లు ఒత్తిడే చెబుతుంది. ఎండకు కాస్త పెరుగుతుంది, చలికి కాస్త తగ్గుతుంది, సగం దాటాక కాస్త తొందరపడుతుంది. అందుకని దూరప్రయాణానికి దాని మీదే ఆధారపడకండి. ఫుల్ కొట్టించగానే ట్రిప్ మీటరు సున్నా చేయండి. మీ బండి కిలోకు ఎంత ఇస్తుందో, ఫుల్‌కు ఎన్ని కిలోలు పడుతుందో పుస్తకంలో ఉండనే ఉంది. ఆ రెండూ హెచ్చవేసి, వచ్చిన దూరంలో ఐదో వంతు చేతిలో ఉంచుకుని మిగతాది నడవండి. ముల్లు ఆ లెక్కతో కలిస్తే సంతోషం. కలవకపోతే లెక్కనే నమ్మి, దారిలో వచ్చే బంకులోకి బండి తిప్పండి.